ఎవరి ఎడమ

మొన్న పూణె నుంచి నా మనవరాలు గొంతు రికార్డు చేసి ఫోనులో పంపింది. "అమ్మమ్మా, హెడ్ ఓవర్ హీల్స్ అంటరు కదా. తల ఎప్పుడూ మడమల పైననే ఉంటది. మరి అందుల పల్టీ కొట్టింది ఏముంది? మా టీచర్‌ను అడిగితే గట్లనే అంటరు, రాసుకో అన్నది." వెనక నుంచి దాని తమ్ముడు, "నువ్వే ఉల్టా ఉన్నవు, అందుకే నీకు సమజ్ అయితలేదు" అని అరుస్తున్నాడు.

జవాబు చిన్నదే. ఇంగ్లీషువాళ్లు మొదట హీల్స్ ఓవర్ హెడ్ అనేవారట. మడమలు తల పైకి వచ్చాయంటే మనిషి పల్టీ కొట్టాడనే కదా. కొన్ని వందల ఏళ్లు అలాగే అన్నారు. తరువాత ఎవరి నోటనో మాట తిరగబడింది. తిరగబడ్డదే నిలిచిపోయింది. ఇప్పుడు సంగతి తెలిసినవాళ్లు కూడా దాన్నే వాడతారు. ఇంతే రికార్డు చేసి పంపాను.

వెంటనే మనవడు అడిగాడు. "నువ్వు నర్సువు కదా అమ్మమ్మా, నీకెట్ల తెలుసు గివన్నీ?"

నర్సును కాబట్టే తెలుసు. ఆ సంగతి ఫోనులో చెబితే తెగిపోతుంది. అందుకని రాస్తున్నాను. మీ అమ్మ చదివి వినిపిస్తుంది, లేదా మీరే కూడబలుక్కుని చదవండి.

నేను పని నేర్చుకున్నది కరీంనగర్ వైపు ఒక చిన్న ఊళ్లోని మిషన్ ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. మాకు పాఠాలు చెప్పే ఆమెను ట్యూటరమ్మ అనేవాళ్లం. పొడుగు మనిషి. ఎప్పుడూ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడేది. అలా నిలబడటానికి కూడా ఇంగ్లీషులో ఒక మాట ఉందని ఆమే చెప్పింది, ఆర్మ్స్ అకింబో అని. ఆ మాట ఎక్కడిదమ్మా అని అడిగాము.

"దీనిది మాత్రం ఎవ్వలకూ పక్కాగ ఎర్క లేదు" అంది ట్యూటరమ్మ. "ఎర్కున్నదని చెప్పేటోళ్లు మాత్రం శానమంది ఉన్నరు."

ఆమె బీరువాలో కలరా ఉండల వాసన కొట్టే ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. ఏ మాట ఎక్కడ పుట్టిందో, ముందు ఏ అర్థంలో ఉండేదో అందులో రాసి ఉండేది. మేమంతా తెలుగులో చదువుకుని వచ్చిన ఊరి పిల్లలం. పేషెంటును ఎలా పడుకోబెట్టాలో చెప్పే మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. సుపైన్, ప్రోన్, లెఫ్ట్ లాటరల్. మేము బెదిరిపోతే ఆమె ఒక అమ్మాయిని మంచం మీద అటూ ఇటూ దొర్లించి చూపేది.

"వెల్లకిల, బోర్ల, పక్కకు. మీ ఇంట్ల ఈ మూడు మాటలు మీ అవ్వ నోట్ల ఉన్నయి. ఇంగ్లీషోళ్లు లాటిన్‌ను అడిగి ఎరువు తెచ్చుకున్నరు. ఎరువు తెచ్చుకున్నోళ్లను చూసి మీరెందుకు భయపడుతున్నరు?"

అలా ఒక్కో మాటా చెప్పేది. అప్‌సైడ్ డౌన్ అనేది పాతకాలంలో అప్ సో డౌన్ అట. పైది కిందైనట్టుగా అని. అర్థం తెలియని తరాలు దాన్ని సైడ్ చేసుకున్నాయి. రైట్ అంటే మొదట తిన్ననిది అని అర్థం. లెఫ్ట్ అంటే బలం లేనిది. మాలో ఒకమ్మాయి ఎడమచేతివాటం. అన్నం తినేటప్పుడు ఇంట్లో తిట్లు తిని తిని, మాతో తినేటప్పుడు కూడా గోడ వైపు తిరిగి కూర్చునేది. ఆమెను చూసి ట్యూటరమ్మ, "గా మాట పుట్టించినోడు నువ్వు కట్టు కట్టంగ సూడలే" అంది. ఆ అమ్మాయి ఆ రోజు నుంచి మా వైపు తిరిగి తినటం మొదలుపెట్టిందని చెప్పను. ఇంకా చాలా రోజులు గోడ వైపే తిన్నది.

కట్టు చుట్టడం నేర్పేటప్పుడు క్లాక్‌వైజ్ అనే మాట వచ్చింది. గడియారం ముల్లు అటే ఎందుకు తిరగాలి అని నేను అడిగాను. గడియారాలు రాకముందు వాళ్లు నీడను చూసి పొద్దు తెలుసుకునేవారు. వాళ్ల దేశంలో పుల్ల నీడ ఏ వైపుగా తిరుగుతుందో, తరువాత చేసిన యంత్రంలో ముల్లును కూడా ఆ వైపే తిప్పారు. అది విని ఇంకో అమ్మాయి, "గుడి చుట్టూ తిరిగినట్టు అంటే అయిపోవు గదమ్మా" అంది. ట్యూటరమ్మ నవ్వి, "అయిపోవు. కని పరీక్షల గట్ల రాస్తే సున్న ఏస్తరు" అంది.

నా వంతు కూడా ఒకసారి వచ్చింది. మా బాపు రైతు. మాది ఆదిలాబాద్ వైపు. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఎడమ పక్కదాన్ని దాపటెద్దు అని, కుడి పక్కదాన్ని ఎలపటెద్దు అని అంటాం. మా ఇంట్లో ఎడమా కుడీ అనే మాటలు మనుషులకు వాడినా, ఎడ్లకు మాత్రం ఎప్పుడూ వాడలేదు. పాఠంలో నేనది చెప్పేసరికి ట్యూటరమ్మ లేచి వెళ్లి నిఘంటువు తీసింది. ఇంగ్లీషు బండివాళ్లు కూడా గుర్రాలకు లెఫ్ట్ రైట్ అనరట. ఎడమ వైపును నియర్ సైడ్ అంటారట. తోలేవాడు ఆ పక్కన నడుస్తాడు కాబట్టి అది దగ్గరి వైపు. రెండోది ఆఫ్ సైడ్.

"దాపు అంటే ఏంది?" అని అడిగింది నన్ను.

"దగ్గర అమ్మా."

ఆమె పెన్సిలు తీసి నియర్ పక్కన ఖాళీలో దాపట అని తెలుగులో రాసుకుంది. ఎలపట సంగతి నాకు తెలియదన్నాను. దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది. బాపుకు ఉత్తరం రాసి ఈ సంగతి చెప్పాను. ఎద్దుల గురించి చదవడానికి నర్సు స్కూలుకు పంపానా అని బాపు ఎవరితోనో రాయించి పంపాడు.

ఇవన్నీ ఆమెకు ఆట. ఒక్క విషయంలో మాత్రం ఆట లేదు. మమ్మల్ని ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేది. ఫేస్ టు ఫేస్ అనేది. ఎదుటి అమ్మాయి ఎడమ చెవి ముట్టుకో అంటే మనం కుడి చెయ్యి తిన్నగా చాచాలి. ఎడమ చెయ్యి చాచినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. కాగితంలో లెఫ్ట్ అని ఉంటే అది పేషెంటు లెఫ్ట్. నీది కాదు, డాక్టరుది కాదు, తలుపుది కాదు. ఇలా నెలల తరబడి చేయించింది. కొన్ని రోజులకు మేము సంతలో గాజులవాడి ఎదుట కూర్చున్నా ముందు వాడి ఎడమ ఏదో చూసుకునేవాళ్లం.

చదువయ్యాక అదే ఆసుపత్రిలో పని ఇచ్చారు. ఏటా కొన్ని రోజులు అక్కడ కంటి ఆపరేషన్లు జరిగేవి. బయటి నుంచి డాక్టరు వచ్చేవాడు. వార్డు పొడుగ్గా ఉండేది. రెండు గోడలకూ తలలు ఆనేలా రెండు వరుసల ఇనప మంచాలు. ఒక వరుసకు తల దక్షిణానికి, ఎదుటి వరుసకు తల ఉత్తరానికి. ఏ కంటికి ఆపరేషనో తెలియడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆ కన్ను ఏ వైపు ఉంటే మంచానికి ఆ వైపు కమ్మీకి ఒక ఎర్ర గుడ్డ పేలిక కట్టేవాళ్లం. మొహం మీద సిరాతో గుర్తు పెడితే చెమటకు పోతుంది, లేదా పేషెంట్లే తుడిచేసుకుంటారు. పేలిక అయితే వార్డు ఆ చివర నుంచి కూడా కనిపిస్తుంది. పొద్దున మందు చుక్కలు వేసే నర్సు పళ్లెం పట్టుకుని వరుసగా వెళుతూ, పేలిక ఉన్న వైపు కంట్లో వేసుకుంటూ పోతుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను వచ్చేటప్పటికే ఉంది.

కంటి పేషెంట్లను ఎప్పుడూ దక్షిణం వరుసలోనే పడుకోబెట్టేవాళ్లం. ఆ ఏడు జనం ఎక్కువ వచ్చారు. చివరగా వచ్చిన మనిషికి ఉత్తరం వరుసలో మంచం ఇచ్చాను.

అతను సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌లను అక్కడ సాంచాలు అంటారు. నలభై దాటి ఉండవు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒకరోజు ఎగిరి వచ్చి అతని ఎడమ కంటికి కొట్టింది. గాయం మానింది గాని లోపల మబ్బు పట్టింది. బయటికి రెండు కళ్లూ ఒక్కలాగే ఉండేవి. టార్చి వేసి దగ్గరగా చూస్తేనే తేడా. అతనితో వచ్చిన భార్య మాటకారి. నేను కాగితం నింపుతుంటే అన్నీ ఆమే చెప్పింది.

"ఒక్క కంటితోని నాలుగు సాంచాలు నడుపుతుండు సిస్టరమ్మా. గీ కుడి కన్ను మంచిగున్నది కాబట్టి సాంచాల ఆసామి ఉంచుకున్నడు. పోగు తెగింది కనవడకపోతే బట్ట ఖరాబైతది. గప్పుడు ఆసామి ఉంచుకుంటడా?"

"ఉంచుకుంటడు గానీ తీయ్" అన్నాడు అతను మెల్లగా.

"ఎందుకు ఉంచుకుంటడు, నీ మొఖం సూసుకుంట కూసుంటనికా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అతని బతుకంతా ఆ కుడి కంటి మీద ఉందని నాకు అప్పుడే తెలుసు. కాగితంలో లెఫ్ట్ ఐ అని రాశాను. అతను పడుకున్నాక ఎడమ వైపు కమ్మీకి, అంటే తూర్పు కమ్మీకి, పేలిక కట్టాను. అంతవరకు అంతా సరిగ్గానే ఉంది.

పేలిక ముడి వేసి లేచేసరికి అతని భార్య నడుము వంచి మంచాన్ని అటూ ఇటూ చూస్తున్నది.

"గిదేం మంచం సిస్టరమ్మా? ఉత్తరానికి తలవెట్టి పండవెడుతరా మనిషిని?"

"గోడ అట్లున్నది అక్కా."

"గోడ ఎట్లనన్న ఉండనీ. బతికున్నోళ్లు ఎవలన్న ఉత్తరానికి తలవెట్టి పండుతరా? పొద్దుగాల్ల ఆపరేషన్ పెట్టుకొని?"

"ఎటుంటె ఏంది, కన్ను మూసుకుంటె అంత ఒక్కటే" అన్నాడతను.

"నీ కన్ను మూసుడు తెరుసుడు రేపు డాక్టర్ సూసుకుంటడు. నువ్వు లే."

మంచం బరువైన ఇనుము. మేమిద్దరం తోసినా కదల్లేదు. అప్పుడు నేనే, "మంచం కదలకుంటె దిండు కదులుతది కద అక్కా" అని దిండు తీసి కాళ్ల వైపు పెట్టాను. దుప్పటి తిప్పి పరిచాను. అతను ఇటు తిరిగి పడుకున్నాడు. తల దక్షిణానికి వచ్చింది. ఆమె మొహం తేటపడింది. "సల్లగుండు బిడ్డా" అంది నన్ను.

ఎందుకు చేశానంటే, మాది ప్రతి ఆదివారం చర్చికి పోయే ఇల్లు, అయినా మా అవ్వ కూడా ఉత్తరానికి దిండు వెయ్యనిచ్చేది కాదు. పాస్టరయ్య ఇంట్లో కూడా మంచాలు తూర్పుకే ఉండేవి. ఆమె అడిగింది నాకు వింతగా అనిపించలేదు. చిన్న పని, చేసిపెట్టాను. పేలిక సంగతి నాకు తట్టలేదు. మనిషి తిరిగాడు, పేలిక తూర్పు కమ్మీకే ఉంది. ఇప్పుడు అది అతని కుడి కంటి పక్కన ఉంది.

పొద్దున్నే వెంట వచ్చినవాళ్లనందరినీ వరండాలోకి పంపేస్తారు. అతని భార్య కూడా బయటికి వెళ్లింది. చుక్కల పని ఆ రోజు నా తోటి నర్సుది. వరుసగా వచ్చి, పేలిక చూసుకుని, అతని కుడి కంట్లో వేసింది. పది నిమిషాలకు మళ్లీ. పది నిమిషాలకు మళ్లీ. ఆ చుక్కలు వేస్తే కంటి లోపలి ద్వారం పెద్దదవుతుంది, వెలుతురు మెరుస్తుంది. తరువాత ఆ కంటి రెప్ప వెంట్రుకలు కత్తిరించింది, పైన దూది పెట్టి అంటించింది. అంతసేపూ అతను పడుకునే ఉన్నాడు.

నేను ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఉన్నాను. లోపల డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. చక్రాల మంచం మీద అతన్ని తీసుకువచ్చారు. నేను అతని కాళ్ల వైపు నిలబడి కాగితం చూశాను. లెఫ్ట్ ఐ. అతని మొహం చూశాను. దూది ఎడమ వైపు ఉంది. సరిపోయిందనుకున్నాను. కాగితం మీద సంతకం కూడా సగం పెట్టాను.

సగంలో చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందంటే పెద్ద కారణం ఏమీ లేదు. అలవాటు. ఎదురుగా ఉన్న మనిషి ఎడమకు నా కుడి చెయ్యి తిన్నగా పోవాలి. నా కుడి చేతిలో పెన్ను ఉంది, అది దూది లేని కంటి వైపు చూస్తున్నది. నేను నడిచి అతని తల వైపుకు వెళ్లి, అతను చూసే వైపే చూస్తూ నిలబడ్డాను. దూది కుడి కంటి మీద ఉంది.

అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. దూది తప్పా, కాగితం తప్పా? రాసింది నేను. రాసేటప్పుడు కూడా అతను నాకు ఎదురుగానే కూర్చున్నాడు.

"అన్నా, నాడె ఏ కంటికి తాకింది?" అని అడిగాను.

"మీరు రాసుకున్నరు కద సిస్టరమ్మా."

"నేను రాసుకున్నది గాదు. నువ్వు చెప్పు."

"మీకు తెల్వనిది నాకేం తెలుస్తది."

కోపం కాదు, వెటకారం కాదు. మామూలుగా అన్నాడు. నేను ఇంకోసారి అడిగాను. అతను పైకప్పు వైపు చూశాడు. లోపలి నుంచి డాక్టరు, "పేషెంట్ వచ్చిండా?" అని అడుగుతున్నాడు. నేను దూది తీసేశాను. అతని ఎడమ కన్ను నా అరచేత్తో మూసి, ఎదుటి గోడ మీది గడియారంలో ఎంతైందో చెప్పమన్నాను.

"తొమ్మిది దాటి పది నిమిషాలు. జర మెరుస్తున్నది."

చెయ్యి మార్చి కుడి కన్ను మూశాను. మళ్లీ అడిగాను.

"గడియారం ఎక్కడున్నదమ్మా?" అన్నాడు.

లోపలికి వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన కడిగిన చేతులు పైకెత్తి పట్టుకుని విన్నాడు.

"పేలిక ఎవరు కట్టిన్రు?"

"నేనే సార్."

"దిండు ఎవరు తిప్పిన్రు?"

"అదీ నేనే సార్."

 ఆయన ముందు ఇంకొకరిని తీసుకురమ్మన్నాడు, ఇతనికి ఎడమ కంట్లో చుక్కలు మొదలుపెట్టమన్నాడు. ఒక గంట తరువాత ఎడమ కంటికే ఆపరేషన్ చేశాడు. మంచి కన్ను మంచిగానే ఉంది. రెండు మూడు రోజులు వెలుతురుకు మెరిసింది, అంతే.

మధ్యాహ్నం వరండాలోకి వెళ్లి అతని భార్యకు జరిగింది చెప్పాను. దాచవచ్చు. ఎవరూ చెప్పమనలేదు. ఆమె విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

"దిండు తిప్పుమన్నది నేనే కదమ్మా" అంది.

తరువాత లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడి అతన్ని తిట్టింది. "నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? మూడుసార్లు మందు పోసింది కదనయ్యా ఆ పిల్ల. గిది గాదు గది అనరాదా? రెండక్షరాలు. గవ్వి గూడ నేనే వచ్చి చెప్పాల్నా?"

అతను కట్టు కిందనుంచి నవ్వాడు. సాంచాలకు ఎన్ని రోజులకు పోవచ్చని నన్ను అడిగాడు.

సాయంత్రం ట్యూటరమ్మ పిలిచింది. జరిగింది ఇంగ్లీషులో రాసి ఇమ్మంది. పేషెంటును హెడ్ టు ఫుట్ తిప్పామని రాశాను. ఆమె చదివి ఆ మాట కింద గీత పెట్టింది.

"హెడ్ టు ఫుట్ అంటే తల నుంచి కాళ్ల దాక అని. తల ఉన్న కాడికి కాళ్లు, కాళ్లు ఉన్న కాడికి తల అయితే ఎండ్ ఫర్ ఎండ్ అనాలె."

నేను దిద్దాను. దిద్దిన కాగితం తీసుకుని ఆమె చేతులు నడుము మీద పెట్టుకోలేదు. కుర్చీలో కూర్చుంది.

"మనిషి ఎడమ మీకు నేర్పిన. మంచం ఎడమ ఎవలు నేర్పిన్రు?" అంది.

మరుసటి రోజు నుంచి పేలికలు తీసేశారు. ఊదా మందుతో కనుబొమ్మ పైన నుదుటి మీద గుర్తు పెట్టడం మొదలైంది. అది వారం దాకా పోదు. గుర్తు పెట్టే ముందు పేషెంటే తన చేత్తో ఆ కన్ను ముట్టుకుని చూపాలి. నేను ఉద్యోగం మారి ఉట్నూర్ వైపు, తరువాత జైనూర్ వైపు గూడేలకు జీపుల్లో తిరిగిన ఏళ్లన్నిటా అదే చేశాను. నా మాట వాళ్లకు, వాళ్ల మాట నాకు సగమే తెలిసే చోట్ల కూడా, ఎక్కడ నొప్పి అంటే వాళ్ల చెయ్యి వాళ్ల ఒంటి మీద పెట్టించుకునేదాన్ని. ఎడమా కుడీ నోటితో అడగడం మానేశాను.

ఆ మనిషిని మాత్రం అడిగాను. ఆసుపత్రిలో ఉండగా ఒకసారి, ఇంటికి పోయే రోజు ఒకసారి. మొదటిసారి సాంచాల గురించి మాట్లాడాడు. రెండోసారి దండం పెట్టాడు. అతని భార్య, "ఇడిసిపెట్టు సిస్టరమ్మా, గాయన పెండ్లినాడు గూడ పేరు చెప్పలే నాకు" అంది.

చాలా ఏళ్లకు, జైనూర్ నుంచి సెలవు మీద వస్తూ, వాళ్ల ఊరి మీదుగా పోయే బస్సు ఎక్కాను. దిగి అడిగితే షెడ్డు చూపించారు. సాంచాల చప్పుడు వీధి చివరికే వినిపిస్తున్నది. అతను రెండు వరుసల నడుమ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. దళసరి అద్దాలు పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఆపరేషన్ చేసిన కంటితో దారి కనిపిస్తుంది గాని పోగు కనిపించదని, పోగు పని అంతా ఇప్పటికీ కుడి కంటిదేనని సైగలతో చెప్పాడు. ఒక మగ్గం దగ్గర వంగి, నాకు కనిపించని పోగు పట్టుకుని ముడి వేశాడు. చాయ్ తెప్పించాడు. బయట గోడ నీడన కూర్చుని తాగాము. అక్కడ చప్పుడు తక్కువ. అక్కడ మూడోసారి అడిగాను.

అతను గ్లాసు కింద పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు. చెబుతాడనుకున్నాను. లోపల ఏదో మగ్గం ఆగింది. వందల చప్పుళ్లలో తనది ఆగిందని అతనికి తెలిసింది. లేచి లోపలికి వెళ్లాడు. నేను కాసేపు కూర్చున్నాను. బస్సు వేళ అయింది. వాళ్లింటికి వెళ్లి అతని భార్యకు కనిపించాను. ధర్మపురి నరసింహస్వామి మొక్కు ఆ ఏడే తీర్చుకున్నామని, ఆ కుడి కంటి కోసం మొక్కుకున్నదే అని చెప్పింది. ప్రసాదం పెట్టింది. అతను ఆమెకు కూడా ఏమీ చెప్పలేదంది.

తరువాత కొన్నేళ్లకు అతను పోయాడని తెలిసింది. కన్నుతో సంబంధం లేదు, గుండె.

పిల్లలూ, మాటలు ఎక్కడివో మీకు చాలా చెప్పగలను. అడిగితే ఇంకా చెబుతాను. ఇదొక్కటి మాత్రం ఎవరినీ అడగలేను. పెద్ద చదువులవాళ్లు చేస్తున్నది తప్పయి ఉండదనుకున్నాడా? మంచి కంటికి మందు వేస్తే చెడ్డ కంటికి నయమవుతుందనుకున్నాడా? దిండు తిప్పిన నాకు మాట వస్తుందని ఊరుకున్నాడా? మూడూ నేను అనుకున్నవే. అతను అన్నది ఒక్కటీ లేదు. కత్తి ఆ కంటికి ఎంత దగ్గరికి వచ్చిందో గుమ్మంలో పడుకున్న అతనికి తెలుస్తూనే ఉంది. ఆ కన్నే కదా అతనికి ఉన్నది. నేను గుమ్మంలో రెండుసార్లు అడిగినప్పుడైనా, ఇది కాదు అని ఎందుకు అనలేదు?